పాచిక వేశాక తీసిన టేపు

ప్రశ్న: అన్నా, మాది కడప. డిగ్రీ ముగించి బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. మేము అయిదుగురం రెండేళ్లుగా ప్రతి ఆదివారం మా మేడ మీది గదిలో వార్‌హామర్ 40,000 ఆడుతున్నాం, బొమ్మల సైన్యాలతో, పాచికలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట. పదో ఎడిషన్ రూల్స్, ఒక్కొక్కరి సైన్యం ఖరీదు వెయ్యి పాయింట్లు. నాది స్పేస్ మెరీన్ల సైన్యం: ఒక ల్యాండ్ రైడర్ ట్యాంకు, భారీ కవచాల టెర్మినేటర్లు అయిదుగురు, వాళ్లకు ఒక కెప్టెన్, రిడెంప్టర్ డ్రెడ్‌నాట్ అనే నడిచే యంత్రం ఒకటి, ఇంటర్‌సెసర్లనే మామూలు సైనికులు అయిదుగురు, ఇంకా ఒకటి రెండు చిల్లర యూనిట్లు. టెర్మినేటర్లను రెండో రౌండులో టెలిపోర్ట్ చేసి దింపుతాను, కానీ ఛార్జ్ (పాచికల్లో పడినన్ని అంగుళాలు శత్రువు మీదికి దూకడం) దాదాపు ప్రతిసారీ తప్పిపోతుంది. మా మేనత్త కొడుకు ఆర్క్‌లనే రాక్షసుల సైన్యంతో ఆడతాడు. ఎక్కువగా అతని చేతిలోనే ఓడిపోతాను. పోయిన ఆదివారం రంగు పాయింట్లు కూడా కలిపి 61–54. అతని బొమ్మలన్నింటికీ రంగు ఉంది, నావి ఇంకా బూడిద రంగు ప్లాస్టిక్కే. ఓటమి కన్నా గొడవలు బాధపెడుతున్నాయి. గోడ వెనక ఉన్న నా డ్రెడ్‌నాట్ చేతి కొస కనిపిస్తోందని కాల్చేస్తాడు. ఛార్జ్ దూరం పాచిక వేశాక కొలుస్తాం, అక్కడ మళ్లీ గొడవ. లా చదివే ఇంకో స్నేహితుడు ప్రతి వాక్యానికీ వ్యాఖ్యానం మొదలుపెడతాడు. ఆ ముందు వారం బావ ఆట మధ్యలోనే బొమ్మలు సర్దుకుని వెళ్లిపోయాడు. నైట్ అనే పెద్ద యుద్ధయంత్రం బొమ్మ ఒకటి కొంటే గెలుస్తానా? ఈ రూల్స్ గొడవలు తెగేదెలా? ఇంకొకటి: మంచం కిందికి దొర్లిన పాచిక చెల్లుతుందా?

జవాబు:

తమ్ముడూ,

నైట్ కొనవద్దు. ఎందుకో తర్వాత చెబుతాను, ముందు నీ 61–54 సంగతి చూద్దాం.

మీరు ఆడే లెక్కలో మొత్తం వంద పాయింట్లు. ఆబ్జెక్టివ్‌లు, అంటే బల్ల మీద గుర్తుపెట్టిన చోట్లు, పట్టుకున్నందుకు గరిష్ఠంగా 50, కార్డుల్లో వచ్చిన పనులు చేసినందుకు 40, సైన్యం మొత్తానికి రంగు వేసి తెచ్చినందుకు 10. అంటే మీ బావ 61లో పది పాయింట్లు మొదటి పాచిక పడకముందే అతని జేబులో ఉన్నాయి. అవి తీసేస్తే అతనివి 51, నీవి 54. పోయిన ఆదివారం బల్ల మీద గెలిచింది నువ్వే. ఓడింది నీ బ్రష్షు. కొత్త బొమ్మల కోసం డబ్బు దాచుకుంటున్నవాడివి రెండేళ్లుగా ఒక రంగు సీసా కొనలేదంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

పోటీలో పెట్టేంత పనితనం ఎవరూ అడగరు. కవచానికి ఒక రంగు, తుపాకీకి ఒక రంగు, బేసు (బొమ్మ కింది దిమ్మ) మీద నేలలాంటిది ఏదో ఒకటి ఉంటే ఆ పది పాయింట్లు వస్తాయి. పెన్న ఇసుకను టీ వడపోసే జల్లెడలో జల్లించి, బేసుకు ఫెవికాల్ పూసి చల్లు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకో. మన ఎండలో మధ్యాహ్నం పూట మేడ మీద స్ప్రే ప్రైమర్ కొడితే, రంగు బొమ్మను చేరేలోపే గాలిలో ఎండిపోయి రవ్వ రవ్వగా అంటుకుంటుంది. నా మొదటి పది బొమ్మలు అలాగే పాడయ్యాయి, ఒక్కొక్కదానికీ అమ్మవారు పోసినట్టు ఉండేది. తెల్లవారుజామున నీడలో కొట్టు, లేదంటే బ్రష్షుతో పూసే ప్రైమర్ తెచ్చుకో.

ఇక గొడవలు. నీ ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన వాక్యం ఒకటే: ‘ఛార్జ్ దూరం పాచిక వేశాక కొలుస్తాం.’ మీ తగాదాల్లో ముప్పాతిక భాగం అక్కడే పుడుతోంది. ఎనిమిది పడిందని చూశాక టేపు తీశారనుకో, నీ కంటికి అది ఎనిమిదంగుళాల దూరం, మీ బావ కంటికి ఎనిమిదిన్నర. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. టేపు కొసను బేసు అంచుకు ఆనించేటప్పుడు వేలు ఎటు జరగాలో ఆశ ముందే చెప్పేస్తుంది. పాచిక చూశాక తీసుకునే ఏ నిర్ణయమైనా ఇంతే. అప్పటికి ఎవరికి ఏది లాభమో ఇద్దరికీ తెలిసిపోయి ఉంటుంది కాబట్టి, ఎంత నిజాయితీగా మాట్లాడినా అవతలివాడికి అది బేరంలాగే వినిపిస్తుంది.

పదో ఎడిషన్ రూల్స్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు కొలుచుకోవచ్చని ఉంది. దాచుకోవలసిన రహస్యం ఏమీ లేదు. కాబట్టి ముందే కొలవండి. ఇద్దరూ టేపు మీదికి వంగి చూడండి. ‘తొమ్మిది కావాలి’ అని నువ్వు పైకి అను. ‘సరే, తొమ్మిది’ అని అతను అనాలి. అప్పుడు పాచికలు చేతిలోకి తీసుకో. కదిలించేటప్పుడూ ఇదే పద్ధతి. ‘వీళ్లను నీ ఆర్క్‌లకు పన్నెండు అంగుళాలకు అవతల పెడుతున్నాను’ అని నోటితో చెప్పి పెట్టు, అతను ఒప్పుకున్నాక తర్వాతి పనికి వెళ్లు. ఆ తర్వాత ఎవరి మోచేయో తగిలి బొమ్మ అరంగుళం జరిగినా ఆ మాట జరగదు. రెండు మూడు ఆదివారాలు నోరు నొప్పి పుడుతుంది, తర్వాత అలవాటవుతుంది.

లా చదివే మిత్రుడి మీద మరీ అంత కోపం వద్దు. అతను విసిగిస్తున్నాడు, నిజమే. కానీ మీ అయిదుగురిలో రూల్స్ చదివినవాడు అతను ఒక్కడేనేమోనని నా అనుమానం. రూల్స్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి, మీరు కొట్లాడుకునేది తెలుగులో. ఈ మధ్యలో జారిపోయే మాటలు కొన్ని ఉన్నాయి. పుస్తకంలో ‘విదిన్’ అని ఉంటే బేసులో ఏ కాస్త భాగం ఆ దూరంలో పడినా చాలు. ‘హోల్లీ విదిన్’ అని ఉంటే బేసు మొత్తం ఆ దూరం లోపలే ఉండాలి. బల్ల దగ్గర మనం రెండింటినీ ‘ఆరంగుళాల లోపల’ అనేస్తాం.

దీని ఖరీదు నాకు తెలుసు. అనంతపురంలో మా ఇంటి వరండాలో ఒక ఆట చివరి రౌండు జరుగుతోంది. ఆబ్జెక్టివ్‌కు మూడంగుళాల హద్దు మీద నా మిత్రుడి బొమ్మ ఒకటి నిలబడి ఉంది, బేసు అంచు మాత్రం గోరంత లోపలికి వచ్చింది. ‘లోపల అంటే లోపలే, సగం గడపలో సగం వీధిలో నిలబడితే ఇంట్లో ఉన్నట్టా’ అని నలభై నిమిషాలు వాదించాను. గడప పోలిక బాగా పేలింది, చూసేవాళ్లు నవ్వారు, అతను ఊరుకున్నాడు, ఆట నాదైంది. రాత్రి పుస్తకం తీసి చూస్తే అక్కడ ఉన్నది ఉత్త ‘విదిన్’. గోరంత చాలు. మర్నాడు ఫోను చేసి చెప్పాను. ‘పోనీలే’ అన్నాడు, మూడు నెలలు మా ఇంటి వైపు రాలేదు.

మోడల్, యూనిట్ అనే మాటలదీ ఇదే కథ. మోడల్ అంటే ఒక్క బొమ్మ. యూనిట్ అంటే కలిసి నడిచే ఆ గుంపు మొత్తం. మనం రెండింటినీ ‘వీడు’ అంటాం. ‘వీడు కనిపిస్తున్నాడు కదా, కాలుస్తున్నా’ అంటాడొకడు. తీరా చూస్తే గుంపులో ఒక్కడు గోడ పక్కన బయటికి ఉంటాడు, మిగతా పందొమ్మిది మంది వెనక ఉంటారు. రూల్ ప్రకారం ఆ ఒక్కడు కనిపిస్తే యూనిట్‌ను కాల్చవచ్చు, దెబ్బలు మాత్రం కనిపించని వాళ్ల మీద కూడా వేసుకోవచ్చు, అది దెబ్బ తిన్న సైన్యం యజమాని ఇష్టం. దీనికి మీరు ఈసరికే ఒకసారి కొట్లాడుకుని ఉంటారని పందెం కడతాను. ఒక అట్ట మీద ఈ నాలుగు మాటలూ రాసి గోడకు అంటించండి: విదిన్, హోల్లీ విదిన్, మోడల్, యూనిట్. వీటిని బల్ల దగ్గర తెలుగులోకి మార్చవద్దు. తెలుగు మీద నాకున్న అభిమానం తక్కువేమీ కాదు కానీ, బస్సు టిక్కెట్టును ఎవరూ అనువదించరు కదా.

డ్రెడ్‌నాట్ చేతి కొస దగ్గర న్యాయం మీ బావ వైపే ఉంది, బాధగా ఉన్నా విను. కాల్చేవాడి ఒంట్లో ఏ భాగం నుంచి అయినా ఎదుటివాడి ఒంట్లో ఏ భాగం కనిపించినా, కనిపించినట్టే. జెండా కొస అయినా సరే, చేతి కొస అయినా సరే. కానీ ఇక్కడ మీరు వదిలేసిన సంగతి ఒకటుంది. మీ థర్మోకోల్ గోడలు ఏమిటి? శిథిలాలా, అడ్డుకట్టలా, ఊరికే నిలబెట్టిన అట్టలా? ఆటకు ముందు మీరు ఎప్పుడూ అనుకోలేదు. శిథిలం అని అనుకుని ఉంటే లెక్క వేరేగా ఉండేది. శిథిలానికి కింద ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు ఒక పక్కన ఒకడు, అవతలి పక్కన ఇంకొకడు ఉంటే, గోడకు ఎన్ని కిటికీలున్నా ఒకడికొకడు కనిపించరు. విమానాలకు మినహాయింపు ఉంది, డ్రెడ్‌నాట్‌కు లేదు. అయితే దాని బేసు అంచు ఆ హద్దు మీద పడిందంటే మళ్లీ మామూలు చూపు లెక్కే, కొస కనిపిస్తే దెబ్బ తప్పదు.

కాబట్టి ప్రతి గోడ కిందా గట్టి అట్ట ముక్క అతికించు. ఆ అట్ట అంచే శిథిలం హద్దు. ఆట మొదలయ్యే ముందు బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒక్కొక్కదాన్నీ వేలితో చూపించి, ‘ఇది శిథిలం, ఇది అడవి, ఇది అడ్డుకట్ట’ అని అనుకోండి. మూడు నిమిషాల పని. అట్ట బరువుకు ఫ్యాను గాలికి గోడలు లేచిపోవడం కూడా ఆగుతుంది.

ఇంత చేసినా ఏదో ఒకటి మిగులుతుంది. ఈ తగవు మీతో పుట్టింది కాదు. ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి 1824లో పటాలూ, చిన్న చిన్న దిమ్మెలూ, పాచికలతో యుద్ధాన్ని ఆడించే పద్ధతి తయారుచేశాడు. ఆటగాళ్లిద్దరి మధ్య ఒక మధ్యవర్తి ఉండేవాడు. రూల్స్ పెరిగి పెరిగి, పట్టికలు చూసుకునేసరికే పొద్దుగూకేది. 1876 నాటికి వెర్డీ డు వెర్నువా అనే సేనాని ఆ పట్టికలన్నీ పక్కన పెట్టి, అనుభవం ఉన్న మధ్యవర్తి ఏది చెబితే అదే జరిగినట్టు ఆడదామన్నాడు. అక్షరం గొప్పదా, పెద్దమనిషి మాట గొప్పదా అన్న పేచీ అప్పటిదన్నమాట. నువ్వు ఆడుతున్న ఆట కూడా 1987లో మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరి ఆట కాదు, ఆటను నడిపించే మూడో మనిషి ఉండాలని అనుకునే తయారుచేశారు. తర్వాతి ఎడిషన్లలో ఆ మూడోవాడు మాయమయ్యాడు, అతని పని మీ ఇద్దరి నెత్తిన పడింది.

నీ ఉత్తరంలో ఆ మూడోవాడు ఉన్నాడు, నువ్వు గమనించలేదు. మీరు అయిదుగురు. రెండు జతలు ఆడితే ఒకడు ఖాళీ. ఇప్పుడు అతను ఏం చేస్తున్నాడు? మంచం మీద పడుకుని ఫోను చూస్తుంటాడు, లేదా బజ్జీలు తేవడానికి వెళ్తాడు. వారానికొకరు వంతు వేసుకుని ఆ ఖాళీవాణ్ణి మధ్యవర్తిని చేయండి. తగవు వస్తే ఒక్కొక్కరికి ఒక్కొక్క నిమిషం, పుస్తకంలో పేజీ చూపించవచ్చు. తర్వాత అతను చెప్పిందే ఆ రోజుకు రూల్. తప్పు చెప్పినా సరే, ఆ రోజుకు అదే. దాన్ని ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. సోమవారం తీరిగ్గా ఆట కంపెనీ వాళ్లు ఉచితంగా ఇచ్చే సవరణలూ వివరణలూ చూసి, అసలు సంగతి పక్కన రాయండి. వచ్చే ఆదివారం నుంచి అది అమలవుతుంది. లా మిత్రుడికి ఈ సోమవారం పని శాశ్వతంగా అప్పగించు. అతనికి అది సంతోషం, మీకు ఆదివారం ప్రశాంతత. మధ్యవర్తి కూడా తేల్చలేకపోతే పాచిక వేయండి. తగవు తెగకపోతే పాచిక వేసి ముందుకు సాగమని 2017లో వచ్చిన ఎనిమిదో ఎడిషన్ పుస్తకంలోనే రాసి ఉంది, నా సొంత కవిత్వం కాదు.

పులిజూదం ఆడే ముసలివాళ్లను ఎప్పుడైనా గమనించావా? గుడి మండపంలో బండ మీద గీతలు ఉంటాయి. బయటి ఊరివాడు ఎదురుగా కూర్చుంటే మొదట అడిగేది, ‘మీ ఊరి లెక్కా, మా ఊరి లెక్కా’ అని. మేకలు పదిహేనా పదహారా, ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్టు అన్నీ ముందే తేల్చుకుంటారు. రాళ్లు పెట్టడం ఆ తర్వాతే. ఆ పెద్దమనిషికి రూల్ పుస్తకం లేదు, అతని ఆటలో గొడవా లేదు.

పులిజూదం ఎత్తింది ఇందుకు మాత్రమే కాదు. నీ సైన్యం జబ్బు కూడా ఆ బండ మీదే కనిపిస్తుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు, ఒక్కటంటే ఒక్కటి కూడా. అయినా బాగా ఆడేవాడి చేతిలో మేకలే గెలుస్తాయి, దారులు మూసేసి. నువ్వు వెయ్యి పాయింట్లలో దాదాపు అన్నీ పులులే కొన్నావు. ఇప్పుడు ఇంకో పెద్దపులి కొంటానంటున్నావు.

లెక్క చూడు. ఆబ్జెక్టివ్ ఎవరిదో తేల్చేది అక్కడ ఎవరు బలవంతుడన్నది కాదు. మూడంగుళాల్లో ఉన్నవాళ్ల ఓసీ (ఆబ్జెక్టివ్ కంట్రోల్) అంకెలు కూడితే ఎవరిది ఎక్కువ అన్నదే. ల్యాండ్ రైడర్ ఓసీ 5. రిడెంప్టర్‌ది 4. టెర్మినేటర్ ఒక్కొక్కరికి 1, అయిదుగురికి 5. నీ మూడు పులులూ ఒకే చోట నిలబడితే 14. మీ బావ మామూలు ఆర్క్ సైనికులు, బాయ్స్, ఇరవై మంది ఒక గుంపుగా వస్తే ఒక్కొక్కరికి 2 చొప్పున 40. వాళ్ల మామూలు తుపాకుల బలం 4, నీ ట్యాంకు గట్టిదనం 12. నూరు తూటాలు కాల్చినా ట్యాంకుకున్న 16 ప్రాణాల్లో సగటున ఒకటి కూడా పోదు. వాళ్లకు ఆ అవసరమే లేదు. నడుచుకుంటూ వచ్చి నిలబడతారు, ఒక్కో ఆబ్జెక్టివ్‌కు అయిదేసి పాయింట్లు రాసుకుంటారు, ఒక వంతులో పదిహేను దాకా. నువ్వేమో ఆ రౌండంతా ఎంతమందిని చంపానా అని లెక్కపెట్టుకుంటూ ఉంటావు.

నైట్ వచ్చిందనుకో. అది నీ వెయ్యిలో మూడో వంతు దాటి తినేస్తుంది. నీ మెరీన్లకు ఎంచుకున్న ప్రత్యేక రూల్స్, అంటే డిటాచ్‌మెంట్ రూల్స్, దానికి పనిచేయవు, దాన్ని నాయకుణ్ణి చేయడానికీ వీల్లేదు.  అది చాలా బాగుంటుంది, ఒప్పుకుంటాను. అల్మారాలో పెట్టుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు కొను.

టెర్మినేటర్ల ఛార్జ్ తప్పిపోతోందని నీ అదృష్టాన్ని తిట్టుకుంటున్నావు. టెలిపోర్ట్‌లో దిగేవాళ్లు శత్రువుకు తొమ్మిది అంగుళాలకు మించిన దూరంలో దిగాలి, కాబట్టి రెండు పాచికల్లో తొమ్మిది పడాలి. రెండు పాచికలకు ముప్పై ఆరు రకాల పడకలు ఉంటే, తొమ్మిదీ ఆపైనా వచ్చేవి పది. నాలుగు సార్లు వేస్తే సుమారుగా ఒకసారి పడుతుంది. ఏడే కావలసి ఉంటే ఇరవై ఒకటి అవుతాయి, అంటే సగానికి పైన. నీ ఎదురుగా దారి ఉంది, దాన్ని ఖాళీగా నడుపుతున్నావు. ల్యాండ్ రైడర్‌లో పన్నెండు చోట్లు. టెర్మినేటర్ కవచం వేసుకున్నవాడికి రెండేసి చోట్లు. అయిదుగురు, కెప్టెన్ కలిపి ఆరుగురు, సరిగ్గా పన్నెండు. ఆ ట్యాంకు పది అంగుళాలు కదిలిన తర్వాత కూడా అందులోంచి దిగినవాళ్లు అదే వంతులో ఛార్జ్ చేయవచ్చు, ముందు తలుపు ఉన్నదే అందుకు. నువ్వు సొంత బస్సును ఖాళీగా పంపి, ఆరుగురిని ఆకాశం నుంచి దూకిస్తున్నావు.

నా సలహా ఇది. నాలుగు ఆదివారాలు వాళ్లను ట్యాంకులోనే తీసుకెళ్లు. రిడెంప్టర్‌ను ఇంట్లో ఉంచు. అది మిగిల్చే సుమారు రెండొందల పాయింట్లతో ఇంకో అయిదుగురు ఇంటర్‌సెసర్లు, అయిదుగురు స్కౌట్లు పెట్టు. ఇంటర్‌సెసర్ ఒక్కొక్కడికి ఓసీ 2, అయిదుగురికి పది, అంటే నీ ట్యాంకుకు రెండింతలు. పైగా వాళ్లు నీ కమాండ్ ఫేజ్ (నీ వంతులో మొదటి దశ) ముగిసే వేళకు ఒక ఆబ్జెక్టివ్‌ను పట్టుకుని ఉంటే, తర్వాత అక్కడి నుంచి వెళ్లిపోయినా అది నీదిగానే ఉంటుంది, అవతలివాడు వచ్చి లాక్కునే దాకా. ఇంటి దగ్గరి ఆబ్జెక్టివ్‌కు కాపలా పెట్టాల్సిన పని తప్పుతుంది. స్కౌట్లు కార్డుల పనులకు, బల్ల మూలమూలలకూ వెళ్లి రావడానికి. డ్రెడ్‌నాట్ మీద ప్రేమ చావకపోతే ట్యాంకును ఇంట్లో ఉంచి టెర్మినేటర్లను నడిపించు, అదీ ఒక ఆటే. ట్యాంకు ఖాళీగా, డ్రెడ్‌నాట్ ఒంటరిగా, టెర్మినేటర్లు గాలిలో ఉండే ఇప్పటి పద్ధతి మాత్రం వద్దు. పాయింట్లు ఏడాదిలో పలుమార్లు మారుతుంటాయి, జాబితా రాసే ముందు తాజా పట్టిక ఒకసారి చూసుకో.

ఈ పదిమందినీ వెంటనే కొనకు. ఇంట్లో పాత పెళ్లిపత్రికలు ఉంటాయి, మందపాటివి. వాటి మీద ఆయా బొమ్మల బేసు కొలతకు వృత్తాలు గీసి కత్తిరించి, ఒక్కొక్కదాని మీద పేరు రాసి, బావ అనుమతి తీసుకుని ఆడు. నాలుగు వారాల తర్వాత కూడా ఆ జాబితా నచ్చితే అప్పుడు పెట్టె కొను. ఏ మేకల మంద అయినా ముందు అట్టతోనే మేపి చూడాలి.

మీ బావ గుంపుకు ఒక బలహీనత ఉంది, అది కూడా చెబుతాను. అతను ఇది చదివితే నన్ను తిట్టుకుంటాడు. ఒక యూనిట్ సగం కన్నా తగ్గిపోతే, దాని యజమాని తన కమాండ్ ఫేజ్‌లో రెండు పాచికలు వేసి ధైర్యం నిలబడిందో లేదో చూడాలి. ఆర్క్ బాయ్స్‌కు ఏడు రావాలి. అంతకు తగ్గితే బ్యాటిల్‌షాక్, ఆ యూనిట్ ఓసీ సున్నా అయిపోతుంది. ఆబ్జెక్టివ్ పాయింట్లు రాసుకునేది ఆ కమాండ్ ఫేజ్ చివర్లో. అంటే ఇరవై మందిలో పదకొండు మందిని నీ వంతులో పడగొడితే చాలు. ఆబ్జెక్టివ్ మీదికి అప్పుడే వచ్చిన గుంపయితే, మిగిలిన తొమ్మిది మంది అక్కడే నిలబడి ఉన్నా, అయిదుకు రెండు సార్లు పైగా వాళ్ల కళ్ల ముందే ఆ పాయింట్లు పోతాయి. మూడు గుంపుల్లో ఆరేసి మందిని చంపి మురిసిపోవద్దు. ఒకే గుంపు మీద పడు, పదకొండో వాడు పడేదాకా వదలకు. పన్నెండో వాడి కోసం తూటాలు ఖర్చు చేయకు, పక్క గుంపును చూసుకో.

బొమ్మలు సర్దుకుని వెళ్లిపోయిన మనిషి మరుసటి ఆదివారం మళ్లీ వచ్చి ఆడాడు, దాన్ని నువ్వు ఉత్తరంలో ఒక్క మాటయినా అనకుండా దాటేశావు. ఈ వారంలో ఏదో ఒక సాయంత్రం, బొమ్మల పెట్టె లేకుండా, మీ మేనత్త ఇంటికి వెళ్లి రా. డ్రెడ్‌నాట్ చేతి కొస విషయంలో అతను చెప్పిందే రైటని చెప్పు. శిథిలాల సంగతి ఆ రోజు ఎత్తకు, ఆదివారం మధ్యవర్తి ముందు ఎత్తు.

చివరికి నీ మంచం కింది పాచిక. చిన్నప్పుడు అష్టాచెమ్మా ఆడుతుంటే గవ్వ గోడకు ఆనుకుని నిలబడేది, బోర్లా పడిందా వెల్లకిలా పడిందా అని ఇల్లు లేచిపోయేది. మా నాయనమ్మ వంటింట్లోంచి బయటికి రాకుండానే ‘మళ్లీ వేయండి’ అనేది. దీని మీద ఆ పుస్తకాన్ని వెతకవద్దు, మీరే అనుకోండి. కడప బండ మీద పాచిక ఎగిరి ఎగిరి పడుతుంది, మూలలు కూడా చిట్లుతాయి, అందుకని అంచులున్న ఒక స్టీలు పళ్లెంలో పాత తువ్వాలు పరిచి అందులో వేయండి. పళ్లెంలో చదునుగా ఆగింది చెల్లుతుంది. ఏటవాలుగా ఆనుకున్నది, పళ్లెం దాటింది, మంచం కిందికి వెళ్లింది చెల్లవు. అక్కడ ఆరు పడి ఉన్నా సరే, ఎవరూ వంగి చూడకుండానే తీయాలి.